పిండం ఊపిరితిత్తుల స్లైడ్ల పెట్టె: మూడు నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, కొనుక్కోవచ్చు. కానీ పెట్టెతో పాటు వచ్చే బుక్‌లెట్‌ని పెద్దగా పట్టించుకోకండి, నాలుగో స్లైడ్‌ని అయితే అసలు నమ్మకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే కొనే ముందు ఇలాంటి రివ్యూ ఎక్కడైనా దొరుకుతుందేమోనని నేను రెండు రోజులు వెతికాను, "గుడ్ ప్రోడక్ట్, ఫాస్ట్ డెలివరీ" అన్న ముక్క తప్ప ఇంకేం దొరకలేదు.

నేను ఒక ప్రైవేట్ మెడికల్ కాలేజీలో అనాటమీ ట్యూటర్‌ని. ఫస్టియర్ పిల్లలకి ఎంబ్రియాలజీ, అంటే పిండం ఎలా తయారవుతుందో, చెప్పడం అంటే మాలో చాలామందికి టెన్షనే, ఎందుకంటే బోర్డు మీద బొమ్మ గీస్తే పిల్లలు ఆ బొమ్మనే బట్టీ పట్టి పరీక్షలో దించేస్తారు, తల్లి కడుపులో అది నిజంగా ఎలా జరుగుతుందో ఊహకి అందదు. ఊపిరితిత్తుల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఫోర్‌గట్ (పిండంలోని తొలి జీర్ణనాళం ముందు భాగం) నుంచి ఒక మొగ్గ వస్తుంది, అది రెండుగా చీలుతుంది, కొమ్మలు వేస్తుంది, చివర్న గాలి గదులు. ఇంతవరకు అందరూ గడగడా చెప్పేస్తారు. "మరి రక్తనాళాలు ఎప్పుడొచ్చాయమ్మా?" అని అడిగితే నిశ్శబ్దం. కాసేపటికి ఎవరో ఒకరు, "గుండె నుంచి పెరుగుతూ వచ్చి లోపలికి వెళ్తాయి మేడమ్" అంటారు. అంటే వాళ్ల మనసులో ఉన్నది ఏంటంటే, ముందు ఇల్లు కట్టేశారు, గోడలు లేచాయి, తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి వైర్లు లాగాడు. ఈ ఒక్క అపోహ పోగొడదామనే ఈ పెట్టె తెప్పించాను.

తొమ్మిది స్లైడ్లు, చెక్క పెట్టె, ఒక ఇరవై పేజీల బుక్‌లెట్, మొత్తం 6,400 రూపాయలు, కొరియర్ అదనం. డిపార్ట్‌మెంట్ ఇండెంట్ పెడితే వచ్చే ఏడాదికి గానీ రాదని సొంత డబ్బుతోనే కొన్నా. కంపెనీ పేరు రాయడం లేదు, వాళ్లతో ఒక పంచాయితీ ఇంకా నడుస్తోంది, అది తేలేదాకా పేరు పెట్టి నిందించడం నాకు ఇష్టం లేదు. వెబ్‌సైట్‌లో "పిండ ఊపిరితిత్తి వికాసం, రక్తనాళాలతో సహా" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

పెట్టె విప్పింది మా ల్యాబ్ టెక్నీషియన్. ఆయన సర్వీసు నా వయసంత ఉంటుంది. థర్మోకోల్ తీసి, మూత తెరిచి, ఒక్కొక్క స్లైడ్‌నీ ట్యూబ్‌లైట్‌కి ఎత్తి చూసి, "మేడమ్, మూడోది కొసన చిట్లిందండి. మిగతావి బానే ఉన్నాయి, కానీ ఈ డీపీఎక్స్ ఇంకా పూర్తిగా ఆరినట్టు లేదండి" అన్నారు. డీపీఎక్స్ అంటే స్లైడు మీద కవర్ స్లిప్ (పల్చటి గాజు బిళ్ల) అంటించే జిగురు. నిజమే, రెండు స్లైడ్ల అంచులు చేతికి అంటుకుంటున్నాయి. అంటే ఆర్డర్ వచ్చాక హడావిడిగా తయారుచేసి పంపారన్నమాట. ఒకటి రెండు వారాలు పడుకోబెట్టి ఉంచాకే వాడండి, నిలబెడితే కవర్ స్లిప్ జారిపోతుంది.

ఇక అసలు విషయం.

ఎక్కువ స్లైడ్లు పంది పిండానివి, మనిషివి కావు. దీన్ని వాళ్లు దాచలేదు, మంచిదే. పంది పిండం ఎంబ్రియాలజీ క్లాసుల్లో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే. మొదటి స్లైడు పది మిల్లీమీటర్ల పిండాన్ని ఛాతీ దగ్గర అడ్డంగా కోసినది. నాలుగు ఎక్స్ లెన్సులో పెడితే మొత్తం ఒకే చూపులో పడుతుంది: పైన న్యూరల్ ట్యూబ్ (మెదడు, వెన్నుపాము అయ్యేది), దాని కింద అయోర్టా (పెద్ద ధమని), ముందు పెద్ద గుండె, మధ్యలో గొట్టం లాంటి అన్నవాహిక, దానికి అటూ ఇటూ రెండు చిన్న ఉంగరాలు. ఆ ఉంగరాలే ఊపిరితిత్తులు. ఊపిరితిత్తి అంటే స్పాంజ్ అనుకునే పిల్లలకి ఇక్కడే మొదటి షాక్, ఇదేంటి మేడమ్ ఇంతేనా అని.

ఇప్పుడు నలభై ఎక్స్‌కి మార్చి ఆ ఉంగరం బయటి వైపు చూడండి. ఉంగరం గోడలో కణాలు కంచె కట్టినట్టు నిటారుగా నిలబడి ఉంటాయి. దాని చుట్టూ వదులుగా, నక్షత్రాల్లాంటి కణాలు చెల్లాచెదురుగా ఉండేది మెసెంకైమ్. ఆ మెసెంకైమ్ మధ్యలో సన్నని ఖాళీలు, ఆ ఖాళీల్లో నారింజ కలిసిన గులాబి రంగులో గుండ్రటి కణాలు, ఒక్కోదాని మధ్యలో నల్లటి చుక్క. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి చాలాసేపు కళ్లు అతికించి చూసి, "మేడమ్, ఇవి ఆర్‌బీసీలైతే న్యూక్లియస్ ఉండకూడదు కదండీ?" అంది. ఈ ఒక్క ప్రశ్నకే 6,400 వసూలైపోయిందని అనుకున్నా! పిండంలో తొలి దశలో తిరిగే ఎర్రకణాలకి న్యూక్లియస్ ఉంటుంది, అది లేని మామూలు ఎర్రకణాలు తర్వాత కాలేయం దగ్గర్నుంచి వస్తాయి. పుస్తకంలో ఒక్క లైనులో ఉండే సంగతి ఇది, ఎవరికీ గుర్తుండదు. ఈ స్లైడులో మాత్రం ఆ చుక్కే మనకి దారి చూపిస్తుంది, ఎందుకంటే మెసెంకైమ్‌లో ఏ ఖాళీ రక్తనాళమో, ఏది స్లైడు చేసేటప్పుడు కణజాలం ముడుచుకుపోయి ఏర్పడిన ఉత్త చీలికో కొత్తవాళ్లకి తెలియదు. చుక్క ఉన్న ఎర్రకణం లోపల, దాన్ని ఆనుకుని చదునుగా ఒక కణం గోడలా, ఈ రెండూ కనిపిస్తే అది నాళమే.

అర్థమైంది కదా, ఊపిరితిత్తి ఇంకా రెండు ఉంగరాలుగా ఉన్నప్పుడే చుట్టూ రక్తనాళాల వల ఉంది. మనిషిలోనూ అంతే. నాలుగో వారంలో మొగ్గ కనిపిస్తుంది, 34 రోజులకల్లా ప్రతి మొగ్గకీ సొంత పల్మనరీ ధమని (ఊపిరితిత్తికి రక్తం తెచ్చే నాళం), చుట్టూ కేపిలరీల (అతి సన్నని రక్తనాళాల) వల ఉంటాయి, గుండెకీ ఆ వలకీ మధ్య రక్తప్రసరణ ఉంటుంది. లండన్‌లో మనుషుల పిండాల మీద చేసి 2000లో అచ్చయిన పనిలో ఇది వివరంగా చూపించారు. ఇల్లు కట్టాక వైర్లు లాగడం కాదు, పునాది తవ్వేటప్పుడే కరెంటు ఉంది.

రెండో స్లైడు ఇంకాస్త పెద్ద పిండం. కొమ్మలు వేయడం మొదలైంది కాబట్టి ఒకే ఫీల్డ్‌లో ఏడెనిమిది ఉంగరాలు. నా దృష్టిలో పెట్టెలో అన్నిటికంటే మంచి స్లైడు ఇదే, స్టెయిన్ (రంగు) కూడా చక్కగా పట్టింది. ఒక పెద్ద గాలిగొట్టం పక్కనే దానికి తోడుగా ఒక ధమని, గోడలో ఒకటి రెండు వరసల కణాలు. గాలిగొట్టం ఎటు పోతే ధమని అటే పోతుంది, అన్న వెంట తమ్ముడిలా. ఇందాక చెప్పిన లండన్ పనిలోనే ఇంకో తమాషా ఉంది: ఆ ధమని గోడలోకి వచ్చే తొలి కండర కణాలు పక్కనున్న గాలిగొట్టం కండరం నుంచే వలస వస్తాయట, చుట్టుపక్కల మెసెంకైమ్ నుంచి వచ్చేవి ఆ తర్వాత. ఈ స్లైడులో ఆ వలస కనపడదు లెండి. కానీ రెండూ ఎంత దగ్గరగా ఆనుకుని ఉన్నాయో చూస్తే వలస రావడానికి వీలుందని మాత్రం నమ్మబుద్ధేస్తుంది.

ఇక్కడి నుంచి బుక్‌లెట్ మీద నా గొడవ మొదలు. రెండో స్లైడు పేజీలో ఏం రాశారంటే, "ఊపిరితిత్తుల చివర్లలో రక్తనాళాలు విడివిడి ద్వీపాలుగా పుట్టి తర్వాత ధమనులతో కలుస్తాయి, ఈ స్లైడులో ఆ ద్వీపాలను చూడవచ్చు" అని. మొదటి సగం గురించి తర్వాత వాదించుకోవచ్చు, రెండో సగం మాత్రం పచ్చి అబద్ధం. ఈ స్లైడులో అది చూడలేరు. ఎవరూ చూడలేరు.

కారణం చాలా మామూలుది. స్లైడు మీద ఉన్నది ఐదారు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యోవంతు) మందం పొర. ఒక ఎర్రకణం వెడల్పే దాదాపు ఏడు మైక్రాన్లు. వంకాయని అడ్డంగా కోసి ఒక్క చక్రం చేతికిచ్చి, ఇందులో ఉన్న రెండు పుచ్చు రంధ్రాలు లోపల కలిశాయా లేదా చెప్పమంటే ఎలా చెప్తాం? ముందు చక్రం, వెనక చక్రం కావాలి. విడిగా కనిపించే రెండు నాళాలు నిజంగా విడివిడి ద్వీపాలో, పై పొరలో కలిసిన ఒకే నాళమో ఒక్క కోతతో తేలదు. పది మిల్లీమీటర్ల పిండాన్ని పది మైక్రాన్ల చొప్పున కోసుకుంటూ పోతే వెయ్యి ముక్కలొస్తాయి, అవన్నీ వరసలో పెట్టి చూసినవాళ్లే ఆ మాట అనాలి.

శాస్త్రవేత్తలు పోట్లాడుకున్నదీ సరిగ్గా ఈ పాయింట్ మీదే. రక్తనాళాలు పుట్టడానికి రెండు దారులు. మెసెంకైమ్‌లో ఉన్న కణాలే అక్కడికక్కడ గుమిగూడి కొత్తగా నాళం అయిపోవడం ఒకటి, దీన్ని వాస్కులోజెనిసిస్ అంటారు. ఉన్న నాళం నుంచే కొత్త చిగురు వేయడం ఇంకోటి, ఇది ఆంజియోజెనిసిస్. 1990ల చివర్లో లిన్ రీడ్, డిమెల్లో బృందం ఎలుక పిండాల నాళాల్లోకి రెజిన్ (తర్వాత గట్టిపడే చిక్కటి ద్రవం) ఎక్కించి అచ్చులు తీసింది. రెజిన్ మధ్యలో ఉన్న పెద్ద నాళాల్లోకి వెళ్లింది కానీ అంచుల్లో కణజాలంలో కనిపిస్తున్న రక్తపు మడుగుల్లోకి మొదట్లో వెళ్లలేదు. కాబట్టి వాళ్లన్నది ఏంటంటే, మధ్యలోవి చిగుర్లు వేసి పెరిగాయి, అంచుల్లోవి అక్కడే పుట్టాయి, తర్వాత రెండూ కలిశాయి. వినడానికి చాలా పొందిగ్గా ఉంది కదా, కాలవ తవ్వుకుంటూ వచ్చి చెరువుకి కలిపినట్టు. చాలా ఏళ్లు మేమూ ఇలాగే చెప్పాం.

2005లో రాటర్‌డామ్ వాళ్లు దీనికి అడ్డం తిరిగారు. నాళాల లోపలి పొర కణాలు మాత్రమే నీలంగా మారేలా జన్యువు మార్చిన ఎలుకల్ని తీసుకుని తొలి రోజుల నుంచీ చూశారు. మొగ్గ కనిపించే తొమ్మిదిన్నర రోజులకే చుట్టూ వల ఉంది, అది అప్పటికే రక్తప్రసరణతో కలిసి ఉంది, మొగ్గ కొస పెరిగినప్పుడల్లా ఆ కొస దగ్గరి వలే విస్తరిస్తోంది. వాళ్లు దీనికి డిస్టల్ ఆంజియోజెనిసిస్ అని పేరు పెట్టారు. మరి రెజిన్ ఎందుకు వెళ్లలేదు? ఇంత లేత నాళాల్లోకి చిక్కటి ద్రవం వెళ్లకపోతే అక్కడ దారి లేదని కాదు, ఈ ద్రవం ఆ దారిలో దూరలేదని మాత్రమే అర్థం. నా ఓటు రాటర్‌డామ్ వైపే. అలాగని అక్కడికక్కడ పుట్టడం అసలు లేదని తోసిపుచ్చను, తొట్టతొలి వల ఎక్కడో అలాగే మొదలై ఉండాలి. బుక్‌లెట్ రాసినాయనకి రెండో పక్షం ఉందన్న సంగతే తెలిసినట్టు లేదు.

సరదా ఏంటంటే ఈ వాదన అర్థం కావడానికి కావలసిన స్లైడు అదే పెట్టెలో ఉంది, బుక్‌లెట్‌లో దానికి మూడు లైన్లు కూడా ఇవ్వలేదు. తొమ్మిదోది. ఎలుక ఊపిరితిత్తి ధమనిలోకి ఎర్రటి కార్మైన్ కలిపిన జెలటిన్ ఎక్కించి, మందంగా కోసినది. పది ఎక్స్‌లో చూడండి, ఫైన్ ఫోకస్‌ని నెమ్మదిగా పైకీ కిందకీ తిప్పుతూ. ఒక పొరలో విడిగా ఉన్న రెండు ఎర్రగీతలు ఫోకస్ తిప్పగానే కింద కలుస్తాయి. పైన వేరు, లోన ఒకటి. మా పిల్లలందరి చేతా ఈ ఒక్క పని చేయించి, ఆ తర్వాత రెండో స్లైడు ముందు కూర్చోబెట్టి, "ఇందులో ద్వీపాలు ఉన్నాయంటారా?" అని అడిగాను. ఒక్కరూ అవునని అనలేదు. ఇంకా ఈ తొమ్మిదో స్లైడులోనే ఒక మూల ఎర్రరంగు చేరని చోటు ఉంది, అక్కడ నాళాలు లేకా? ఉన్నాయి, జెలటిన్ మధ్యలో గడ్డకట్టి ఆగిపోయింది అంతే. రెజిన్ కథ మొత్తం ఈ మూలలో ఉంది. కంపెనీవాళ్లు దీన్ని లోపం అనుకుంటారేమో, నాకైతే ఇదే కావాలి, దయచేసి బాగుచేయకండి.

ఐదో స్లైడు కెనాలిక్యులర్ దశ, అంటే గాలిగొట్టాల చివర్లు సన్నని కాలవల్లా సాగే దశ. మనిషిలో అయితే ఇది సుమారు 16 నుంచి 26 వారాల మధ్య. బుక్‌లెట్‌లో పంది స్లైడు కింద కూడా "20వ వారం" అని అచ్చేశారు, పంది గర్భం మొత్తమే 114 రోజులు, అంటే పదహారు వారాలు దాటి రెండు రోజులు! ఇరవయ్యో వారానికి ఆ పిల్ల పుట్టి, పాలు మానేసి, పెరట్లో తిరుగుతుంటుంది. ఇలాంటి తప్పు ఫస్టియర్ కుర్రాడు రాస్తే మార్కులు కోస్తాం.

స్లైడు మాత్రం బాగుంది. మొదటి రెండు స్లైడుల్లో నాళాలు గాలిగొట్టానికి కాస్త ఎడంగా, మెసెంకైమ్ మధ్యలో ఉంటాయి. ఇక్కడ అవి దగ్గరికి జరిగాయి. మెసెంకైమ్ పల్చబడింది, కేపిలరీలు ఎపితీలియం (గాలిగొట్టం లోపలి పొర) కిందకి వచ్చి తలతో నెట్టినట్టు ఉబ్బి ఉంటాయి, ఆ ఉబ్బిన చోట ఎపితీలియం కణం పల్చగా సాగిపోయి ఉంటుంది. గాలికీ రక్తానికీ మధ్య ఉండే గోడ చివరికి అరమైక్రాన్ దాకా పల్చబడాలి, ఆ పని ఇక్కడ మొదలవుతుంది. నెల తక్కువ పిల్లల గురించి ఎప్పుడు మాట్లాడినా మనం సర్ఫాక్టెంట్ (గాలి గదులు ముడుచుకుపోకుండా చూసే పదార్థం) గురించే మాట్లాడతాం, అది నిజమే, కానీ ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ)లో ఇరవై నాలుగు, ఇరవై ఐదు వారాలకి పుట్టిన బిడ్డకి ఉన్న ఇబ్బందిలో సగం ఈ స్లైడులో ఉంది: కేపిలరీ ఇంకా గాలిని పూర్తిగా ఆనుకోలేదు. సర్ఫాక్టెంట్ సీసాలో దొరుకుతుంది, ఇది దొరకదు.

ఇంకో మాట, నాళాలు గాలి గదులకి ఉత్త తోడు మాత్రమే కాదు. 2000లో అమెరికాలో చేసిన పనిలో, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకి నాళాల పెరుగుదలని ఆపే మందులిచ్చి చూస్తే గాలి గదులే సరిగా ఏర్పడలేదు. వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ నాళాలకి "ఇటు రండి" అని పిలుపు లాంటిది, కడుపులో ఆక్సిజన్ తక్కువగా ఉండటం కూడా ఆ పిలుపుని పెంచుతుంది. ఎలుకలో ఈ జన్యువు ఉన్న రెండు కాపీల్లో ఒక్కటి పోయినా పిండం కడుపులోనే చనిపోతుందని 1996లోనే తేలింది. సగం ఉన్నా చాలకపోవడం అనేది జన్యువుల్లో అంత తరచుగా చూసే విషయం కాదు. ఇవేవీ మామూలు హెచ్ అండ్ ఈ స్టెయిన్‌లో కనిపించవు, ఆ సంగతి నాకూ తెలుసు, కానీ ఇరవై పేజీల బుక్‌లెట్‌లో వీఈజీఎఫ్ అనే మాట ఒక్కసారైనా రాకపోవడం ఏంటండీ? అందులో నాలుగు పేజీలు వాళ్ల మిగతా ప్రోడక్టుల ప్రకటనలే.

ఆరు, ఏడు స్లైడ్లు త్వరగా చెప్పేస్తా. ఆరోది సాక్యులర్ దశ (చివర్లు సంచుల్లా ఉబ్బే దశ), ఏడోది పుట్టిన పిల్ల. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి, ఒకటి తగ్గించి ధర తగ్గించొచ్చు. ఆరోదాంట్లో గమనించాల్సింది గాలి గదుల మధ్య గోడ: మందంగా ఉంటుంది, గోడకి రెండు వైపులా రెండు కేపిలరీ వరసలు, మధ్యలో కణజాలం, బ్రెడ్ శాండ్‌విచ్‌లా. పెద్దయ్యాక ఈ రెండు వరసలు ఒక్కటైపోతాయి. ఎలా అన్నది బెర్న్‌లో పీటర్ బర్రీ బృందం ఏళ్ల తరబడి చూసింది. 1986లో వాళ్లు ఎలుకపిల్లల ఊపిరితిత్తుల అచ్చుల్లో సూదిమొన కంటే చిన్న రంధ్రాలు చూశారు, ఒకటి రెండు మైక్రాన్లవి. రంధ్రం అంటే రెజిన్ చేరని చోటు, అంటే నాళం మధ్యలో ఒక స్తంభం లేచింది. ఆ స్తంభం లావెక్కుతూ పోతే ఒక నాళం రెండవుతుంది. చిగురు వేయకుండా, లోపల గోడ లేపి, ఒక గదిని రెండు చేసినట్టు. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నట్టు అని క్లాసులో అంటే అందరూ నవ్వారు, మర్చిపోరు ఇక.

ఎనిమిదోది పెద్ద పంది ఊపిరితిత్తి, సాగే పీచులకి నల్లగా పట్టే స్టెయిన్. ఇది ఎందుకు బాగుందంటే పందికి లాబ్యూల్స్ (ఊపిరితిత్తిలోని చిన్న చిన్న భాగాలు) మధ్య గోడలు మనకంటే స్పష్టంగా ఉంటాయి. ధమని గాలిగొట్టం పక్కన, సిర ఎక్కడో దూరంగా ఆ గోడలో. ఒక్క చూపుకే తెలిసిపోతుంది. దీన్ని చూపించాక ఒక అరుదైన జబ్బు గురించి చెప్తాను: కొందరు బిడ్డలు పుట్టినప్పుడు బానే కనిపిస్తారు, కొన్ని గంటల్లో లేదా రోజుల్లో నీలంగా మారిపోతారు, వెంటిలేటర్ పెట్టినా ఆక్సిజన్ ఎక్కదు. వాళ్ల ఊపిరితిత్తుల్లో కేపిలరీలు తక్కువ, ఉన్నవి గాలికి దూరం, సిరలు తాము ఉండాల్సిన గోడ వదిలేసి ధమని పక్కకి వచ్చేస్తాయి. చాలామందిలో కారణం ఫాక్స్ ఎఫ్1 అనే జన్యువులో తేడా, 2009లో తెలిసింది. సిర చోటు ఎక్కడ అన్నది ఉత్త బట్టీ పాయింటు కాదని పిల్లలకి అప్పుడు అర్థమవుతుంది.

ఇంకా రెండు సంగతులు బుక్‌లెట్‌లో ఉండాల్సింది. ఒకటి, 2013లో ఫిలడెల్ఫియాలో చేసిన పని. ఎలుక పిండంలో ఊపిరితిత్తి మొగ్గే రాకుండా చేశారు. మొగ్గ లేదు, అయినా పల్మనరీ నాళాలు వచ్చాయి! పెళ్లికొడుకు రాకముందే ఊరేగింపు బయల్దేరినట్టు. గుండెకీ ఊపిరితిత్తికీ మధ్య ఉండే ఒక కణాల గుంపు రెండువైపులకీ కణాలు పంపుతుందని తేల్చారు. పైన నేను గాలిగొట్టం వెంట ధమని పోతుందని రాశాను, దారి చూపించడం వరకు అది నిజమే, కానీ మొదలవ్వడానికి ధమని అన్నయ్య కోసం ఆగదన్నమాట. రెండోది 2020లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది: గాలి గది చుట్టూ ఉన్న కేపిలరీలో కణాలన్నీ ఒకటే రకం కాదు, రెండు రకాలు. ఒకటి బాగా పెద్దగా, పల్చగా పరుచుకుని వాయువుల మార్పిడి చూసుకుంటుంది, దానికి ఏరోసైట్ అని పేరు పెట్టారు. ఇంకోటి మామూలు పనులు చూస్తూ అవసరమైతే కొత్త కణాల్ని ఇస్తుంది. ఇన్నేళ్లుగా మైక్రోస్కోప్ కింద చూస్తున్నదే ఇది, ఎవరికీ రెండుగా కనపడలేదు. మన స్లైడులోనూ కనపడదు.

ఇప్పుడు నాలుగో స్లైడు. లేబుల్ మీద "సూడోగ్లాండ్యులర్ దశ, పిండ ఊపిరితిత్తి" అని ఉంది. అంటే గ్రంథిలా కనిపించే దశ, నిజంగా గ్రంథి కాదు. క్లాసులో చూపించే ముందు రాత్రి చూసుకుంటుంటే ఏదో తేడా కొట్టింది. గుండ్రటి గుత్తులు ఉన్నాయి, సరే. కానీ గుత్తులు మరీ ఇరుకుగా ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నాయి, మెసెంకైమ్ లేదు. మృదులాస్థి ఎక్కడా లేదు. కణాల కొసల్లో ముదురు గింజలు, మధ్యలో గీతలు గీసినట్టున్న నాళిక. పక్కన ఒక రక్తనాళం, లోపల ఎర్రకణాలు, ఒక్కదానికీ న్యూక్లియస్ లేదు, గోడ చూస్తే దళసరిగా, పెద్ద జంతువుది. ఇది లాలాజల గ్రంథి! సూడోగ్లాండ్యులర్ అడిగితే నిజం గ్లాండే పంపారు. ఎవరో టెక్నీషియన్ లేబుల్ అంటించేటప్పుడు పేరు చూసి పొరపడ్డారేమో, లేకపోతే ట్రే మారిందేమో. నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది, ఎందుకంటే ఇదే పెట్టె ఇంకెన్ని కాలేజీలకి వెళ్లిందో, అక్కడ ఎంతమంది ఈ స్లైడు చూసి ఊపిరితిత్తి అని బొమ్మ గీసి రికార్డులో రాసుకున్నారో.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మొదట చిట్లిన మూడో స్లైడు గురించి విన్నారు, ఫొటో పంపమన్నారు, పన్నెండు రోజుల్లో కొత్తది వచ్చింది, ఆ విషయంలో ఏమీ అనను. నాలుగోది తప్పు అన్నాను. "మా ఎక్స్‌పర్ట్ చెక్ చేశారండి మేడమ్, సూడోగ్లాండ్యులర్ అంటే అలాగే గ్లాండ్ లాగే ఉంటుందండి" అని నాకే క్లాసు చెప్పారు. మీరే చూడండి అని ఫొటోలు పంపాను, ఎర్రకణాల మీద బాణం గుర్తులు కూడా వేసి. ఆరు వారాలైంది, "పై వాళ్లకి పంపించాం" అంటున్నారు. ఇదే పైన చెప్పిన పంచాయితీ.

ఎవరు కొనొచ్చంటే, ఫస్టియర్‌కి చెప్పే ట్యూటర్లు, పీజీలు, డిపార్ట్‌మెంట్‌లో మంచి మైక్రోస్కోప్ ఉన్నవాళ్లు. విద్యార్థులు సొంతంగా కొనక్కర్లేదు, అంత డబ్బు పెట్టి తొమ్మిదిలో నిజంగా పనికొచ్చే ఐదు స్లైడ్ల కోసం. విడిగా అమ్మితే 1, 2, 5, 8, 9 తీసుకోండి, అమ్మరనుకోండి, అడిగి చూశాను. వాళ్లు ఒక్క మార్పు చేస్తే నేను రెండో పెట్టె కూడా కొంటా: ఏడో స్లైడు తీసేసి, దాని చోట రెండో స్లైడు పిండానివే వరసగా ఆరు కోతలు ఒకే గాజు మీద పెట్టాలి. ద్వీపాలున్నాయో లేదో పిల్లలే వెతుక్కుంటారు.

స్టార్లు ఐదుకి మూడున్నర. స్లైడ్లకి నాలుగున్నర, బుక్‌లెట్‌కి ఒకటి, స్లైడ్లకే ఎక్కువ బరువు ఇచ్చాను.

నాలుగో స్లైడుని మాత్రం వాళ్లు మార్చి ఇచ్చినా వెనక్కి పంపను. లేబుల్ మీద తెల్ల కాగితం అంటించి మొన్న ఇంటర్నల్స్‌లో స్పాటర్‌గా (చూసి గుర్తుపట్టే ప్రశ్నగా) పెట్టాను, "దశ గుర్తించి రెండు కారణాలు రాయండి" అని. చాలామంది సూడోగ్లాండ్యులర్ అని రాసేశారు. న్యూక్లియస్ గురించి అడిగిన ఆ అమ్మాయి మాత్రం ఇది ఊపిరితిత్తి కాదు మేడమ్ అని రాసి, కింద మొదటి కారణంగా ఎర్రకణాల్లో చుక్క లేదు అని రాసింది.